ఫిల్టర్ ఉన్నా నైట్రేట్ ఎందుకు పెరుగుతుంది?

ఉప్పునీటి అక్వేరియంకి మంచి ఫిల్టర్ పెట్టేస్తే నీళ్ల గురించి ఇక ఆలోచించక్కర్లేదు అనుకుంటాం. కానీ నైట్రేట్‌ని తయారు చేసేదే ఆ ఫిల్టర్!

చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది. స్పాంజి మీద, రాళ్ల మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, అక్కడ అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. మన నీమో, అంటే క్లౌన్ ఫిష్, దాన్ని అస్సలు తట్టుకోలేదు. నైట్రేట్ అంత త్వరగా చంపదు. అందుకే నైట్రేట్ పెరిగిందని కంగారుపడి పాత స్పాంజి, రాళ్లు అన్నీ ఒకేసారి తీసేయకూడదు. బ్యాక్టీరియా పోతే అమ్మోనియా మిగులుతుంది, చేప పోతుంది.

మరి నైట్రేట్ ఎలా తగ్గాలి? నీళ్లు మార్చాలి. ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే లెక్క ఒకటుంది. 60 లీటర్ల ట్యాంకులో వారానికి 5 పీపీఎం నైట్రేట్ చేరుతోంది, మనం ప్రతి వారం 20 శాతం నీళ్లు మారుస్తున్నాం అనుకోండి. మార్చే ముందు రీడింగ్ వరుసగా 5, 9, 12.2, 14.8... ఇలా లూప్ తిరిగి తిరిగి 25 దగ్గర ఆగుతుంది. 10 శాతమే మారిస్తే 50 దాకా పోతుంది. అదే 20 శాతం మారుస్తూ, చేరే నైట్రేట్‌ని సగం చేస్తే? 12.5 దగ్గరే ఆగిపోతుంది. అదనంగా ఒక్క బకెట్ కూడా మోయక్కర్లేదు!

కాబట్టి నా ఓటు ఇన్‌పుట్ తగ్గించడానికే. చేపలు రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి. ఫిల్టర్‌లో చెత్త పట్టే దూదిని రెండు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే పట్టిన చెత్త అక్కడే కుళ్లుతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ ఉంటే ఇంకా మంచిది. సన్నని బుడగలకి అంటుకున్న వ్యర్థాలు నురగగా పైకొచ్చి కప్పులో పడతాయి, అంటే అమ్మోనియా కాకముందే బయటికి. ఉప్పునీటిలో బుడగలు సన్నగా వస్తాయి కాబట్టే ఇది అక్కడ బాగా పనిచేస్తుంది.

లైవ్ రాక్ సంగతి వేరు. దాని లోపలి రంధ్రాల్లో ఆక్సిజన్ తక్కువ. అక్కడ ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ గ్యాస్‌గా మార్చి గాల్లోకి పంపేస్తుంది. అయితే చిన్న ట్యాంకులో పట్టే రెండు మూడు రాళ్ల మీదే మొత్తం భారం వేయలేం.

ఆవిరైన నీళ్లకి బదులు మంచినీళ్లు పోయడం నీళ్లు మార్చినట్టు కాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పూ నైట్రేటూ లోపలే ఉంటాయి. మార్చే నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిక్స్ కలపాలి, వంట ఉప్పు కాదు. మన దగ్గర చాలా బోరు నీళ్లలో నైట్రేట్ ముందే ఉంటుంది కాబట్టి ఆర్‌ఓ నీళ్లు వాడండి, వాటినీ ఒకసారి టెస్ట్ కిట్‌తో చూడండి.