పాత రేకుల కప్పు: మనం తెలుసుకోవలసిన సంగతులు



పోయిన రంజాన్‌కు ముందు మన దాతల్లో ఒకరు మాకు ఫోన్ చేశారు. వారి కుమార్తె, అల్లుడు అమెరికాలో పాత ఇల్లు ఒకటి కొనబోతున్నారు. సీలింగుకు కొట్టిన గరుకు పూతలో ఆస్బెస్టాస్ ఉండవచ్చని, కొంచెం తీసి ల్యాబులో పరీక్ష చేయించుకోమని ఇల్లు చూసిన ఇన్‌స్పెక్టర్ చెప్పాడట. "సార్, మీరు సైన్సు చెప్పినవారు. పిల్లలకు నిద్ర పట్టడం లేదు. ఇది అంత ప్రమాదమా?" అని అడిగారు. 1980కి ముందు కట్టిన ఇళ్లలో అటువంటి పూత కనబడితే అనుమానించడం అక్కడ మామూలేనని చెప్పాము. గీకవద్దని, తెలిసినవారితో పరీక్ష చేయించమని, పూత గట్టిగా ఉంటే దాని కింద కూర్చున్నంత మాత్రాన గాబరా పడవద్దని కూడా చెప్పాము.

ఫోన్ పెట్టేసి తల ఎత్తి చూశాము. మేము కూర్చున్నది మన సంఘం కుట్టు శిక్షణ గది. పైన 24 సిమెంటు రేకులు. అవన్నీ ఆస్బెస్టాస్ రేకులే.

ఆస్బెస్టాస్‌ను మన పాఠ్యపుస్తకాల్లో రాతినార అని రాశారు. అంతకంటె మంచి పేరు మాకు తోచదు. అది భూమిలో దొరికే రాయే, కాని చీలిస్తే దూదిలా పీచుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీటికి చివకదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీని గనులు నడిచాయి. తరువాత ప్రభుత్వం కొత్త లీజులు ఇవ్వడం, పాతవి పొడిగించడం ఆపివేసింది. తవ్వకం ఆగింది గాని రేకుల తయారీ ఆగలేదు. రష్యా, కజకిస్థాన్ వంటి దేశాల నుంచి నార దిగుమతి అవుతూనే ఉంది. రేకులో ఈ నార సుమారు పదోవంతు ఉంటుంది, మిగిలినది సిమెంటు, బూడిద వగైరా. తాటాకు కప్పు, పూరికప్పు నిప్పుకు ఆహుతి అవుతుంటే చూసిన మా తరానికి రేకుల ఇల్లు గొప్ప భరోసా. చవక, మన్నిక, రెండు రోజుల్లో పని పూర్తి. అందుకే పేదవారి ఇల్లు, బడి వరండా, కోళ్ల షెడ్డు అన్నీ దీని కిందికే వచ్చాయి. ఈ రేకులను వాడినవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

ప్రమాదం రేకులో కంటె దాని దుమ్ములో ఉంది. రేకును కోసినా, పగలగొట్టినా, ఎండిన నాచును చీపురుతో గీకినా వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి కంటికి ఆనవు. మామూలు దుమ్మును ఊపిరితిత్తులు కఫంతో బయటికి నెట్టివేస్తాయి. లోతుగా దిగిన ఈ పోగులను మాత్రం నెట్టలేవు, కరిగించుకోలేవు. పోగు ఉన్నచోట ఏళ్ల తరబడి ఒరుపు సాగుతుంది. ఆస్బెస్టోసిస్ అనే ఊపిరితిత్తుల గట్టిదనం, ఊపిరితిత్తుల కేన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథెలియోమా అనే కేన్సరు దీనివల్ల కలుగుతాయి. తెల్లనార, గోధుమనార, నీలినార అన్న తేడా లేకుండా అన్ని రకాలూ కేన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరలో, ఐరోపా సమాఖ్య 2005లో దీనిని పూర్తిగా నిషేధించాయి.

ఇది నిదానంగా వచ్చే జబ్బు. దుమ్ము పీల్చిన 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లకు బయటపడుతుంది. 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినది మొదలు 40 ఏళ్లు గాని, విరమణ తరువాత 15 ఏళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించినది ఇందుకే. ఫ్యాక్టరీ కార్మికునికి ఆ రిజిస్టరు ఉంది. మన కప్పు ఎక్కి రేకు కోసే కూలికి ఏ రిజిస్టరు ఉంది? పైగా అతను బీడీ తాగేవాడైతే ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట గాలివానకు, అంతకు ముందు కోతుల గంతులకు వంటశాల రేకులు పగిలాయి. ఒక దాత కొత్త కప్పుకు డబ్బు ఇచ్చారు. మేస్త్రీ తుప్పు పట్టిన బోల్టులు ఊడక, రేకులను సుత్తితో కొట్టి కిందికి తోశాడు. ఆవరణంతా తెల్లటి దుమ్ము. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలే చీపుర్లు తీసుకుని ఊడ్చారు. శభాష్ అని మెచ్చుకున్నాము కూడా! పెద్ద ముక్కలు వృథా కాకూడదని వీధి చివరి ఖాలమ్మకు మేకల కొట్టం కోసం ఇచ్చాము. చిన్న ముక్కలను పిల్లలు తొక్కుడుబిళ్లకు పట్టుకుపోయారు. చలిమంటలో వేస్తే టపాకాయలా పేలుతుందని మగపిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

విషయం చదివి తెలుసుకున్నాక ఖాలమ్మ దగ్గరికి వెళ్లి ఆ ముక్కలు తిరిగి ఇమ్మన్నాము. "ఇచ్చినదీ మీరే, తీసుకుపోయేదీ మీరేనా సార్? వానొస్తే మేకలు మీ ఇంట్లో కట్టెయ్యమంటారా?" అన్నది. తప్పు మాదేనని చెప్పి, ఇనుప రేకులు వేయించాకే పాతవి తెచ్చుకున్నాము.

ఆ ఒక్కరోజు దుమ్ముతో ఆ పిల్లలకు జబ్బు ఖాయమని ఎవరూ అనుకోవద్దు. ఎంత దుమ్ము, ఎన్నాళ్లు పీల్చారన్నదాన్ని బట్టి ముప్పు ఉంటుంది. అయితే ఇంతవరకు పీల్చవచ్చు అనే సురక్షితమైన హద్దు కూడా లేదు. కాబట్టి తప్పించుకోగల దుమ్మును తప్పించుకోవడమే మన పని.

ఇంటి కప్పు ఏదో ఎలా తెలుస్తుంది? రేకులు అంటే మన దగ్గర రెండు రకాలు. ఇనుప, జింకు, అల్యూమినియం రేకులతో ఈ బాధ లేదు. బూడిద రంగులో, అలలు అలలుగా, పది అడుగుల రేకును ఇద్దరు పట్టుకుంటే గాని లేవనంత బరువుగా ఉండేవి సిమెంటు రేకులు. పాతవైతే ఆస్బెస్టాస్ ఉన్నట్టే లెక్కించాలి. ఐఎస్ఐ ముద్ర పక్కన 459 అని ఉంటే అది ఆస్బెస్టాస్ సిమెంటు రేకు, 14871 అని ఉంటే ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకు. కొత్తవి కొనే దాతలు ఈ అంకె చూసి కొనవలసిందిగా మనవి. పాత క్వార్టర్లలో, పాత బళ్లలో పెంకుల కింద సీలింగుగా బిగించిన చదును పలకలు కూడా ఇవే కావచ్చు. ఫ్యాను కొక్కెం కోసం వాటికి రంధ్రం వేసేముందు ఆలోచించాలి.

రేకు పగలకుండా, పొడి రాలకుండా ఉంటే కదల్చవద్దు. ఎండ తగ్గడానికి పైన సున్నం లేదా పెయింటు వేయించదలచితే నాచును పొడిగా గీకించకండి. తడిపి, మెత్తగా తుడిపించి వేయించండి. ఎవరినీ నేరుగా రేకు మీద నడవనివ్వవద్దు. పాత రేకు హఠాత్తుగా విరుగుతుంది, ఏటా ఎంతోమంది అలా పడిపోతున్నారు. ఆస్బెస్టాస్ కంటె ముందు చంపేది ఆ పాటే.

తీయక తప్పనప్పుడు రేకులను బాగా నీటితో తడపాలి. బోల్టు ఊడకపోతే బోల్టునే కోయాలి గాని రేకును కొట్టకూడదు. ఒక్కొక్క రేకును చెక్కుచెదరకుండా తాడుతో దించాలి. పనివారికి ఎఫ్ఎఫ్‌పి-3 లేదా పి-100 రకం మాస్కు ఇవ్వాలి, మూతికి కట్టిన తువాలు చాలదు. పిల్లలను ఆ రోజు ఆవరణలోకి రానివ్వకూడదు. కింద పడిన పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడా కవరులో కట్టాలి. పని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు. భర్త పని బట్టలు ఉతికి జబ్బు పడిన ఇల్లాండ్రు ఇతర దేశాల్లో ఉన్నారు.

దించిన రేకులను ఎక్కడ పెట్టాలన్నది మాకు తెగని చిక్కు. పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలాలు దుండిగల్‌లో, పరవాడలో ఉన్నాయి గాని, ఒక వితంతువు ఇంటి పన్నెండు రేకులను అంతదూరం చేర్చే ఏర్పాటు మన పట్టణంలో లేదు. మున్సిపల్ కార్యాలయంలో అర్జీ ఇచ్చాము. జవాబు వచ్చేవరకు రేకులను పగలకుండా మందపాటి పాలిథిన్‌లో రెండు వరుసలుగా చుట్టి, మన స్థలంలో తాళం వేసిన మూల పేర్చి ఉంచాము. ముక్కలను గోతులు పూడ్చడానికి అడిగినవారికి ఇవ్వలేదు.

ఈ ఏడు కప్పు మార్చవలసిన ఇళ్లు నాలుగు మన జాబితాలో ఉన్నాయి. ఒక్కరోజు కూలి సరిపోయే చోట మూడు రోజులు వేశాము. మాస్కులు, పాలిథిన్, తాడు, నీటి ట్యాంకరు కూడా రాశాము. "పాతవి దించడానికి ఇంత ఎందుకు?" అని కమిటీలో ఒకరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. అంచనా కాగితం దాతల చేతికి వచ్చినప్పుడు, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో ఆ వరుసను మాత్రం కొట్టివేయవద్దని కోరుతున్నాము.