ఒక్క గెలుపునకు ముందు 26 ఓటములు

మన దేశమున ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నెడు గుండ్రని బంతి మనస్సునకు వచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రములవారు అదే పేరుతో పిలుచు ఆట వేఱు. అందలి బంతి ఒలిచిన కొబ్బరికాయవలె రెండు కొనలయందు సన్నగిల్లి యుండును. దానిని తన్నుటకంటె చేతబట్టి పరుగెత్తుటయు, తోడివానికి విసరుటయు హెచ్చు. ఒక్కొక్క పక్షమున 11 మంది నిలుతురు. ఆటస్థలము 100 గజముల పొడవుండును. బంతిగల జట్టునకు నాలుగు ప్రయత్నము లొసగబడును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగిన మరల నాలుగు లభించును. సాగనియెడల బంతి ఎదిరిపక్షము పాలగును. ఎదిరివారి కడపటి గీత దాటి బంతిని కొనిపోయిన 6 పాయింట్లు. అచ్చట నిలిపిన రెండు కంబముల నడుమనుండి తన్నిన 3 పాయింట్లు. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టి నిలుపునట్లే, ఈ ఆటయందు బంతిగలవానిని పట్టి పడవేయుట నియమమునకు లోబడినదే. కావుననే ఆటగాండ్రు తలకు గట్టి టోపులును, భుజములకు మందమైన దిండ్లును ధరింతురు. అయినను దెబ్బలు తగులుట మానదు.

ఈ ఆటను జీవనోపాధిగా నాడువారి సంఘమునకు నేషనల్ ఫుట్‌బాల్ లీగు అని పేరు. గెలిచిన జట్లను గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. ఈ వ్యాసమున ఓడిన జట్టు నొకదానిని విచారింతము. 1976వ సంవత్సరమున ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా నగరమున క్రొత్తగా పుట్టిన బక్కనీర్స్ అను జట్టు ఆ యేడు 14 ఆటలాడి పదునాలుగింటను ఓడెను. మఱుసటి యేడు ఇంకను 12 ఓడి, ఆ పిమ్మటగాని గెలుపు మొగము చూడలేదు. బక్కనీర్స్ అనగా పూర్వము ఆ ప్రాంతపు సముద్రములలో దోపిళ్లు చేసిన ఓడదొంగలు. ఆటగాండ్ర టోపులపై, ఈకగల టోపీ పెట్టుకొని పండ్ల నడుమ కత్తి కఱచిపట్టిన దొంగ బొమ్మ యుండెను. ఆ దొంగ రెండేండ్లపాటు ఎవరి సొత్తును దోచినది లేదు.

ఇంతటి పరాజయమునకు కారణమేమి? పిరికితనమనియో, సోమరితనమనియో తీర్పు చెప్పుటకు ముందు ఆ జట్టు ఎట్లు కూర్పబడెనో తెలిసికొనవలెను. అంతకు ముందు లీగునందు 26 జట్లుండెను. 1976లో సీయాటిల్ నగరమునకు ఒకటియు, టాంపాకు ఒకటియు క్రొత్తగా చేర్పబడెను. పాత జట్లు తమకు వలయువారిని భద్రపఱచుకొని, మిగిలినవారి పేళ్లను ఒక పట్టికలో నుంచెను. క్రొత్త జట్లు రెండును ఆ పట్టికనుండి చెరి 39 మందిని ఏరుకొనెను. సంత ముగియువేళ వచ్చినవాడు గంపలో మిగిలిన వంకాయలను ఏరుకొన్నట్టు ఇది జరిగెను. అందు మంచికాయ దొరకదని కాదు గాని, దొరికినది మొదట వచ్చినవాని కంటికి ఆననిదై యుండవలెను. కొందఱు వయసు మీఱినవారు, కొందఱు గాయపడి పూర్తిగా కోలుకొననివారు, కొందఱు ఇంకను పని నేర్వనివారు. వీరు ఒకరితో నొకరు ఎన్నడును కలిసి ఆడినవారు కారు. ఈ ఆటకో, పదునొకండుగురును ఒక్క గడియారములోని చక్రములవలె కలిసి కదలుట ప్రాణము.

జట్టు శిక్షకుడు జాన్ మెకే సామాన్యుడు కాడు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టును 1962, 1967, 1972, 1974 సంవత్సరములలో నాలుగుమార్లు దేశమునకెల్ల మొదటిదిగా నిలిపిన ఘనుడు. ఆ విశ్వవిద్యాలయమున దేశములోని మేటి యువకులు ఆయన కొఱకు వచ్చి చేరెడివారు. టాంపాయందు ఇతరులు విడిచినవారే ఆయన చేతికి వచ్చిరి. ఉపాధ్యాయుని విద్య ఒక్కటియే అయినను తరగతి మాఱినప్పుడు ఫలితము ఎట్లు మాఱునో ఉపాధ్యాయులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదటి ఆట హ్యూస్టన్ నగరమున జరిగెను. 20 పాయింట్లకు సున్న. రెండవది శాన్ డియాగోపై 23కు సున్న. మూడవదానియందు బఫలో జట్టుతో 14కు 9 వఱకు వచ్చిరి. ఆఱవ ఆట అక్టోబరు 17వ తేదీన తమ తోబుట్టువువంటి సీయాటిల్ జట్టుతో, స్వస్థలముననే తటస్థించెను. రెండు జట్లును అంతవఱకు గెలువనివే కావున ఎవరో ఒకరు బోణీ చేయుదురని జనులు ఉత్సాహముతో వచ్చిరి. సీయాటిల్ 13, టాంపా 10. కడపటి నిమిషమున 3 పాయింట్ల కొఱకు టాంపావారు తన్నిన బంతిని ఎదిరివాడొకడు అడ్డుకొనెను. ఆ బంతి కంబముల వఱకు పోయియున్న ఆట సమమై యుండెడిది. మఱుసటి వారము మయామీ జట్టుతో 23కు 20. ఆ పిమ్మట డెన్వరుతో 48కి 13, ఓక్లండుతో 49కి 16, పిట్స్‌బర్గుతో 42కు సున్న.

గణితమునందు ఆసక్తిగల విద్యార్థులు ఈ లెక్కను గమనింపుడు. 14 ఆటలలో టాంపా గణించినవి 125 పాయింట్లు. ఎదిరివారు గణించినవి 412. సరాసరి లెక్కించిన ఆటకు సుమారు 9కి 29. ఐదాటలలో ఒక్క పాయింటైనను రాలేదు. అయినను సరాసరి సమస్తమును చెప్పదు. రెండాటలు మూడేసి పాయింట్లతోను, ఒకటి ఐదింటితోను పోయెను. 287 పాయింట్ల అంతరమునకు, ఒక్క తన్ను కంబముల నడుమ పోవుటకు మధ్య ఆ యేడు ఎట్లు గడచెనో పట్టికలో కనబడదు. 14 ఓటములును ఒక్కరీతివి కావు.

మెకే హాస్యప్రియుడు. ఆయన చెప్పినట్టు ప్రచారములోనున్న మాట యొకటి ఇంగ్లీషు నేర్చువారికి పనికివచ్చును. ఎగ్జిక్యూషన్ అను ఇంగ్లీషు పదమునకు పనిని చక్కగా నెరవేర్చుట అనియు, మరణదండనము జరుపుట అనియు రెండర్థములు కలవు. మీ ఆటగాండ్ర ఎగ్జిక్యూషనును గూర్చి మీ యభిప్రాయమేమని యొకరు అడుగగా, దానికి నేను అనుకూలుడనే అని ఆయన బదులిచ్చెనట. వినువారికి నవ్వు పుట్టించు మాటయే. కాని దెబ్బలతో మంచము పట్టియున్న ఆటగాడు వార్తాపత్రికలో దీనిని చదివినయెడల నవ్వియుండునా యని నాకు సందేహము.

1977వ సంవత్సరము మొదలైనది. మరల ఓటములే. ఇంటింట, వీధివీధి ఈ జట్టుపేర పరిహాసములు పుట్టెను. కాని పరిహసించువారు ఒక సంఖ్యను విస్మరించిరి. మొదటియేడు ఎదిరివారు 412 పాయింట్లు గణింపగా రెండవయేడు 223 మాత్రమే గణించిరి. అనగా ఎదిరివారిని నిలుపు విద్యను టాంపావారు నేర్చుచుండిరి. పాయింట్లు గణించు విద్య ఇంకను అబ్బలేదు. వారి పాయింట్లు 125నుండి 103కు తగ్గెను. ఇల్లు కట్టువాడు ముందు పునాది త్రవ్వును. త్రోవను పోవువానికి అప్పుడు గోయి తప్ప మఱేమియు కానరాదు.

26 ఓటములు వరుసగా గడచినవి. దీనికి మించిన వరుస లీగు చరిత్రలో ఒక్కటే కలదు. అది షికాగో కార్డినల్స్ జట్టు 1942 మొదలు 1945 వఱకు ఓడిన 29 ఆటలు. అది ప్రపంచయుద్ధకాలము, యువకులనేకులు సైన్యమున చేరియుండిరి. టాంపావారికి అట్టి సాకు లేదు. 1977 డిసెంబరు 11వ తేదీన వారు న్యూ ఆర్లియన్స్ నగరమునకు పోయి అచ్చటి సెయింట్స్ జట్టును 33కు 14గా ఓడించిరి. గెలుపును తెచ్చినది మిక్కిలిగా ఎదిరివారిని నిలుపు పక్షమే. వారు విసరిన బంతులను నడుమనే పట్టి తమ పాయింట్లుగా మార్చిరి. ఆ రాత్రి జట్టు ఇల్లు చేరునప్పటికి వేలకొలది జనులు ఎదురుచూచుచుండిరి. పోటీలో ప్రథమస్థానము పొందినవారికి జరుగు స్వాగతము, 12 ఓడి ఒకటి గెలిచినవారికి జరిగెను. మఱువారము సెయింట్ లూయీ జట్టును తమ ఊరనే 17కు 7గా గెలిచిరి.

ఇచ్చట లీగుయొక్క నియమ మొకటి విచారింపదగియున్నది. మన ఆటస్థలమున ఇద్దఱు నాయకులు నిలిచి బాలురను ఒక్కొక్కరిగా కోరుకొనునప్పుడు ముందుగా ఎవరు కోరవలెనని తగవు వచ్చును గదా. సామాన్యముగా బలవంతుడే ముందు కోరును. అమెరికాలో దీనికి విరుద్ధమైన పద్ధతి కలదు. విశ్వవిద్యాలయములనుండి బయలువెడలు యువకులను ప్రతి సంవత్సరమును లీగుజట్లు వరుసగా కోరుకొనును. గడచిన యేడు అందఱికంటె క్రిందనున్న జట్టునకే మొదటి కోరిక. ఈ పద్ధతిని 1935లో సూచించినవాడు ఫిలడెల్ఫియా జట్టు యజమానుడైన బర్ట్ బెల్. ఆయన జట్టే అప్పుడు అట్టడుగున నుండెను. కావున సూచనయందు స్వలాభము లేదనలేము. అయినను 1936లో జరిగిన మొదటి ఎన్నికయందు ఆయన మొట్టమొదట కోరుకొన్న జే బర్వాంగర్ అను యువకుడు ధనమునకై ఆడుటయే మానుకొని వేఱు వృత్తిని అవలంబించెను. నియమము వలన అవకాశము వచ్చును గాని ఫలము వచ్చునని నిశ్చయము లేదు.

ఈ నియమమునకు మఱియొక ముఖము కలదు. కడపటివానికి బహుమానము కలదనిన, కడపటివాడగుటకు కోరిక పుట్టదా? బుద్ధిపూర్వకముగా ఓడుటకు ఆశ కలుగదా? ఈ భయముచేతనే అమెరికాలోని బాస్కెట్‌బాల్ సంఘమువారు 1985నుండి చీట్లు వేసి మొదటి కోరిక ఎవరిదో నిర్ణయించుచున్నారు. ఫుట్‌బాల్ లీగువారు అట్లు చేయలేదు. నా యెఱిగినంతలో ఓడుటవలన వచ్చు మొదటి కోరిక ఒక్కటే ఏ జట్టును వెంటనే లేవనెత్తలేదు. డిట్రాయిట్ జట్టు 2008లో 16 ఆటలును ఓడెను. క్లీవ్‌లాండు జట్టు 2016లో ఒక్కటి మాత్రమే గెలిచి, 2017లో 16ను ఓడెను. ఆ క్లీవ్‌లాండు అభిమానులు 2018 జనవరిలో గడ్డకట్టు చలిలో క్రీడాశాల చుట్టును సున్న ఆకారముగా ఊరేగి, ఆ సందర్భమున పోగైన ధనమును ఆకలిగొన్నవారికి అన్నము పెట్టు సంస్థ కిచ్చిరి. అది కోపమో, ప్రేమయో వేఱుపఱచుట కష్టము.

టాంపావారు తమ కోరికలను ఎట్లు వినియోగించుకొనిరో చూతము. 1976లో మొట్టమొదట కోరుకొన్నవాడు లీ రాయ్ సెల్మన్. ఓక్లహోమా రాష్ట్రమున ఒక వ్యవసాయకుటుంబమునందు తొమ్మండుగురు సంతానములో కడగొట్టువాడు. అతని అన్న డ్యూయీని గూడ ఆ యేడే అదే జట్టు తీసికొనెను. మొదటి సంవత్సరమున గాయపడి లీ రాయ్ సగము ఆటలు మాత్రమే ఆడగలిగెను. 1977లో మొదటి కోరిక మరల టాంపాదే. అప్పుడు టోనీ డోర్సెట్ అను సుప్రసిద్ధుడు లభ్యుడై యుండగా మెకే తన పూర్వశిష్యుడైన రికీ బెల్‌ను కోరెను. డోర్సెట్ డల్లస్ జట్టున చేరి మొదటి యేడే విజేతల పంక్తిలో కూర్చుండెను. బెల్ ఓడుచున్న జట్టులో ఓడుచున్న పరుగులు పరుగెత్తుచుండెను. శిష్యవాత్సల్యమువలన గురువు మోసపోయెనని లోకులు పలికిరి. 1978లో గ్రాంబ్లింగ్ అను కళాశాలనుండి డగ్ విలియమ్స్ అను నీగ్రోజాతి యువకుడు బంతిని విసరు ప్రధానస్థానమునకు వచ్చెను. ఆ స్థానమునకు నల్లవారు తగరని చాలమంది నమ్ముచుండిన కాలమది. ఆ యేడు టాంపా 5 గెలిచి 11 ఓడెను.

1979లో 10 గెలుపులు, 6 ఓటములు. కడపటి ఆట కుండపోత వానలో కాన్సాస్ సిటీ జట్టుతో జరిగెను. బురదలో ఎవరును సాగలేకుండిరి. ఒకే యొక్క తన్నుచే 3కు సున్నగా టాంపా గెలిచి తన విభాగమున ప్రథమస్థాన మందెను. ఆ యేడు లీగులోకెల్ల ఎదిరివారికి తక్కువ పాయింట్లిచ్చిన జట్టు ఇదియే. సెల్మన్‌ను ఆ పక్షమున ఆడువారిలో ఉత్తమునిగా ఎన్నుకొనిరి. రికీ బెల్ ఆ సంవత్సరము 1,263 గజములు పరుగెత్తెను. తరువాతి పోటీలో ఫిలడెల్ఫియా జట్టుపై అతడు 38 మార్లు బంతిని మోసి 142 గజములు సాగెను. 24కు 17గా టాంపా గెలిచెను. లాస్ ఏంజెలెస్ జట్టు 9కి సున్నగా ఓడింపకపోయినయెడల వారు తుదిపోటీకే పోయియుందురు.

రికీ బెల్‌ను పరిహసించినవారు ఆ డిసెంబరు నెలలో మౌనము వహించిరి. అతనికి మాత్రము ఆ సంతోషము చిరకాలము దక్కలేదు. కండరములను క్షీణింపజేయు అరుదైన రోగము సోకి, 1984 నవంబరులో 29 ఏండ్ల వయస్సున మరణించెను. డగ్ విలియమ్స్ 1988 జనవరిలో వాషింగ్టన్ జట్టు పక్షమున తుదిపోటీ గెలిచి, తన స్థానమున ఆ గౌరవమందిన మొదటి నల్లవాడయ్యెను. టాంపా జట్టు తుదిపోటీ గెలుచుటకు 2003 జనవరి వఱకు ఆగవలసివచ్చెను. అప్పటికి మెకే కాలధర్మము నొందెను.

లీ రాయ్ సెల్మన్ వేఱు జట్టునకు పోలేదు. ఆట మానిన పిదపను ఆ నగరముననే నిలిచి, అచ్చటి దక్షిణ ఫ్లారిడా విశ్వవిద్యాలయమున క్రీడావిభాగమునకు అధికారియయ్యెను. 1995లో ఆ ఆటయొక్క కీర్తిమందిరమున అతని పేరు చేర్చిరి. 1999లో, అతడు జీవించియుండగనే, నగరము నడుమ పోవు పెద్ద బాట యొకదానికి అతని పేరు పెట్టిరి. 2011లో అతడు మృతినొందెను. టాంపావారు నేటికిని ఆ బాటమీదుగానే పనులకు పోవుచున్నారు.