ఆఫర్ లెటర్‌తో యూంగ్‌ను చదువుదాం

ప్లేస్‌మెంట్లు మొదలవగానే కాలేజీల్లో ఒక మాట వినిపిస్తుంది: ‘నేను ఇంట్రోవర్ట్‌ని, మార్కెటింగ్ నాకు పడదు.’ ఆన్‌లైన్‌లో ఏదో టెస్టు రాసి, వచ్చిన నాలుగక్షరాలు చూసి దారులు మూసేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అసలు సిద్ధాంతం అలా చెప్పనే లేదు.

దీనికి మూలం స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన ‘సైకలాజికల్ టైప్స్’. కొరుకుడుపడని పుస్తకమే. షిల్లర్, నీషే వంటివారి రచనల మీద చర్చ దాటుకుని పదో అధ్యాయానికి వస్తేగానీ మనుషుల రకాల వివరణ పూర్తిగా దొరకదు. ఆ వెంటే నిర్వచనాలున్నాయి. కొత్తవాళ్లు ఆ రెండూ ముందు చదివితే మేలు.

మనసు మొగ్గు బయటి మనుషులు, వస్తువుల వైపుంటే బహిర్ముఖం. లోపలి అనుభవం వైపుంటే అంతర్ముఖం. రెండూ అందరిలోనూ ఉంటాయి, ఒకటి ముందుంటుంది. బిడియం వేరు, ఇది వేరు. అంతర్ముఖులు చక్కగా పాఠం చెప్పగలరు, సరుకు అమ్మగలరు.

కష్టమంతా యూంగ్ చెప్పిన నాలుగు మానసిక వృత్తుల దగ్గరే. చేతిలో ఆఫర్ లెటర్ ఉందనుకోండి. జీతమెంత, ఏ ఊరు, బాండ్ ఎన్నేళ్లు అని ఉన్నదున్నట్టు పట్టుకునేది ఇంద్రియజ్ఞానం. ఆ షరతులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా, లెక్క కుదురుతోందా అని తేల్చేది ఆలోచన. అమ్మానాన్నలకు దూరంగా ఉండటం, ఆ కంపెనీ చేసే పని నాకు సమ్మతమేనా అని విలువ కట్టేది అనుభూతి. యూంగ్ దీన్ని కూడా ఆలోచనలాగే నిర్ణయించే శక్తిగానే లెక్కవేశాడు. ఈ ఉద్యోగం అయిదేళ్లకు ఎటు తీసుకెళ్తుందో ఆధారాలు పూర్తిగా లేకుండానే పసిగట్టేది స్ఫురణ.

మీకు మొదట తట్టిన ప్రశ్న ఏది? అసలు తట్టనిది ఏది? తట్టనిదే మీలో వెనకబడిన వృత్తి కావచ్చు. సంతకం పెట్టేముందు ఆ ప్రశ్న బాగా అడగగల అక్కతోనో, సీనియర్‌తోనో కూర్చోండి. ఉద్యోగార్థికి ఈ సిద్ధాంతం వల్ల కలిగే అసలు లాభం ఇదే.

రెండు మొగ్గులు, నాలుగు వృత్తులు కలిపి యూంగ్ వర్ణించినవి ఎనిమిది రకాలు. వాటిని పదహారు చేసింది అమెరికాకు చెందిన తల్లీకూతుళ్లు కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. నాలుగక్షరాల టెస్టు వాళ్లదే. అందులో మార్కు మధ్యగీతకు దగ్గరగా ఉంటే చిన్న తేడాకే అక్షరం మారిపోతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే వేరే రకం వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఉద్యోగుల ఎంపికకు దీన్ని వాడొద్దని దాని నిర్వాహకులే చెబుతారు.

పనితీరును ముందుగా అంచనా వేయడంలో పరిశోధకులు ఎక్కువగా నమ్మేది వ్యక్తిత్వాన్ని అయిదు లక్షణాలుగా చూసే ‘బిగ్ ఫైవ్’ నమూనాను. అందులో పట్టుదల, క్రమశిక్షణ కలిసిన లక్షణానికి దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో సంబంధం కనిపించిందని పరిశోధకులు బారిక్, మౌంట్ 1991లో చూపించారు. కాబట్టి హెచ్ఆర్ రౌండ్‌లో మీ గురించి చెప్పమంటే నాలుగక్షరాలు చెప్పకండి. ప్రాజెక్టు మధ్యలో ఆగిపోయినప్పుడు మీరేం చేసి దాన్ని పూర్తిచేశారో చెప్పండి.