షాపు లేని రైతు గూగుల్ మ్యాప్‌లో కనిపించేదెలా? – తిరుపతి, చిత్తూరు ప్రకృతి వ్యవసాయ రైతుల కోసం

ఫోన్‌లో ఏది నొక్కాలో వీడియోలో చూపించాం. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులు ఇక్కడ రాస్తున్నాం. వీడియో చూడకపోయినా ఇది చదివి పని చేసుకోవచ్చు.

ముందు ఈ గొడవంతా ఎందుకో చెప్తా. 2025 సీజన్ మన మామిడి రైతులెవరూ మర్చిపోలేరు. తోతాపురి కాయ ట్రాక్టర్లలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడింది. చివరికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం దాని మీద 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. అంటే 12 రూపాయలు. అదే సమయంలో తిరుపతి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు "కార్బైడ్ పెట్టని పండు ఎక్కడ దొరుకుతుంది?" అని ఫోన్‌లో వెతుకుతున్నారు. కాయ ఉన్నవాడికి కొనేవాడు కనపడలేదు, కొనేవాడికి కాయ ఉన్నవాడు కనపడలేదు. ఇద్దరి మధ్య దూరం ముప్పై, నలభై కిలోమీటర్లే.

తోతాపురి మొత్తం ఇంటింటికీ అమ్ముకోవచ్చని నేను చెప్పడం లేదు. అది ఫ్యాక్టరీ కాయ, ఆ లెక్క వేరే. కానీ తోటలో పక్కన ఉండే నాలుగు బేనీషా చెట్లు, కాలేపాడు, ఇమాం పసంద్, మల్గోవా, ఇంకా గానుగ వేరుశనగ నూనె, బెల్లం, దేశవాళీ బియ్యం, నాటు ఆవు నెయ్యి – ఇవి దామలచెరువు మండీకో బంగారుపాళ్యం యార్డుకో పోవాల్సిన పని లేదు. తినేవాళ్ల ఇంటికి నేరుగా పోవాలి. దానికి వాళ్లు వెతికినప్పుడు మన పేరు కనపడాలి.

చాలామంది రైతులు అడిగేది ఒకటే. "మాకు షాపు లేదు, ఆఫీసు లేదు. మ్యాప్‌లో ఏం పెట్టాలి?" షాపు అక్కర్లేదు. గూగుల్‌లో దీనికి సర్వీస్ ఏరియా బిజినెస్ అనే పద్ధతి ఉంది. అంటే కస్టమర్ మన దగ్గరికి రాడు, మనమే కస్టమర్ దగ్గరికి పోతాం. ప్లంబరు, కరెంటు పనివాడు, వాటర్ క్యాన్ వేసేవాడు, అందరూ ఇదే కింద వస్తారు. ఇంటింటికీ బియ్యం, పండ్లు ఇచ్చే రైతు కూడా అంతే. ఇందులో అడ్రస్ గూగుల్‌కు మాత్రమే తెలుస్తుంది, బయటికి కనపడదు. మ్యాప్‌లో సూది గుర్తు ఉండదు, మనం ఏ ఊర్లకు సరుకు ఇస్తామో ఆ ఊర్లు మాత్రం కనపడతాయి. పాతవాళ్లు గూగుల్ మై బిజినెస్ అని వినుంటారు. 2021 నుంచి దాని పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. వేరే యాప్ ఏమీ లేదు ఇప్పుడు. ఫోన్‌లో ఉన్న గూగుల్ మ్యాప్స్ చాలు. ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇక్కడ ఒక షరతు జాగ్రత్తగా చూడండి. మనిషికి మనిషి ఎదురుపడి సరుకు ఇవ్వాలి. వారానికి రెండు రోజులు మీరో, మీ అబ్బాయో బండి మీద తిరుపతికి పోయి ఇచ్చి వస్తే సరిపోతుంది. అలా కాకుండా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో తీసుకుని, అన్నీ ఆర్టీసీ కార్గోలోనో కొరియర్లోనో హైదరాబాదుకు పంపుతాం, ఎవర్నీ కలవం అంటే అది ఆన్‌లైన్ వ్యాపారం కింద లెక్క, దానికి ఈ ప్రొఫైల్ ఇవ్వరు. రెండూ చేసేవాళ్లకు ఇబ్బంది లేదు.

పెట్టడం తేలికే. మ్యాప్స్ తెరిచి, పైన మీ ఫొటో గుండ్రం నొక్కి, యాడ్ యువర్ బిజినెస్ అనేదాన్ని ఎంచుకోండి. పేరు, కేటగిరీ అడుగుతుంది. తర్వాత కస్టమర్లు వచ్చే షాపు గానీ ఆఫీసు గానీ ఉందా అని అడుగుతుంది. కొంపలు మునిగేది అక్కడే. చాలామంది అవును కొట్టి ఇంటి అడ్రస్ ఇచ్చేస్తారు. లేదు అని కొట్టండి. ఇంట్లో ఆడవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు తెలియనివాళ్లు తలుపు కొట్టడం మంచిది కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున తోటలున్న వాళ్లయితే ఇంకా జాగ్రత్త. మ్యాప్ పట్టుకుని చీకటి పడ్డాక కార్లో వచ్చేవాడికి ఏనుగుల దారి ఏదో తెలియదు కదా.

తోట దగ్గరే అమ్ముతాం, జనం వచ్చి చూసి కొనుక్కోవాలి అనుకునేవాళ్లు మాత్రం అడ్రస్ పెట్టుకోవచ్చు. అప్పుడు రాసిన టైములో అక్కడ ఎవరో ఒకరు ఉండి తీరాలి, గేటు దగ్గర పేరు బోర్డు ఉండాలి. పొలానికి డోర్ నంబరు ఉండదు కాబట్టి మ్యాప్‌లో తోట మీద వేలు నొక్కి పట్టుకుంటే ప్లస్ కోడ్ అని కొన్ని అక్షరాలు, అంకెలు వస్తాయి. దాన్ని వాట్సాప్‌లో పంపితే నేరుగా గేటు దగ్గరికి వస్తారు. మ్యాప్‌లో బయటికి అడ్రస్ పెట్టకుండా తెలిసినవాళ్లకు మాత్రమే దారి చెప్పాలన్నా ఇదే మంచిది.

ఊర్ల సంగతి. ఇరవై దాకా పెట్టుకోవచ్చు. కానీ మీరుండే చోటు నుంచి కారులో సుమారు రెండు గంటల దూరం దాటకూడదన్నది గూగుల్ మాట. పాకాల దగ్గర తోట అనుకోండి. అటు తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, ఇటు పూతలపట్టు, చిత్తూరు, అన్నీ లోపలే వస్తాయి. చెన్నై, బెంగళూరు రావు. కుప్పం వాళ్లకు కేజీఎఫ్, కృష్ణగిరి దగ్గరవుతాయి, వాళ్లు అవి పెట్టుకోవడం న్యాయమే. నిజంగా మీ బండి పోయే ఊర్లే రాయండి. తిరుపతి అని రాసినంత మాత్రాన తిరుపతిలో వెతికే ప్రతివాళ్లకీ మీరే పైన వస్తారని కూడా అనుకోవద్దు. వెతికిన మాటకు మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, మీ గురించి ఎంతమందికి తెలుసు, ఈ మూడూ చూసి గూగుల్ వరస పెడుతుంది. రెండోది మన చేతిలో లేదు. మొదటిది, మూడోది ఉన్నాయి.

పేరు దగ్గర అతి తెలివి వద్దు. క్రేట్ల మీద, బిల్లు మీద ఏ పేరు ఉందో అదే. దానికి "బెస్ట్ కెమికల్ ఫ్రీ మ్యాంగోస్ తిరుపతి హోమ్ డెలివరీ" అని తోక తగిలిస్తే నాలుగు రోజులు బాగానే కనపడుతుంది, తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ ఆపేస్తారు. అదీ మే నెల మధ్యలో ఆపితే ఏడాది పోయినట్టే. కేటగిరీలో ఆర్గానిక్ ఫార్మ్ ఉంది, పాలు నెయ్యి అయితే డెయిరీ ఫార్మ్. మొదటి కేటగిరీ ముఖ్యం. ఇంకో తొమ్మిది పెట్టుకునే వీలున్నా రెండు మూడు చాలు.

మీ గురించి రాసుకోవడానికి 750 అక్షరాలు ఇస్తారు. సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో రాయండి. తిరుపతిలో వెతికేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేస్తారు. ఏ పంట ఏ నెలలో వస్తుంది, కాయ ఎలా మాగబెడతారు, ఏ రోజు ఏ ఊరికి వస్తారు, ఇవి రాయండి. ధరలు, ఫోన్ నంబర్లు, లింకులు అందులో పెట్టకూడదు. వాటికి వేరే చోటు ఉంది.

ఆర్గానిక్ అనే మాట మీద ఒక మాట. చిన్న రైతు తన పంట నేరుగా తినేవాళ్లకు అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదని 2017 ఆర్గానిక్ ఆహార నిబంధనల్లో మినహాయింపు ఉంది. కానీ సర్టిఫికెట్ లేకుండా జైవిక్ భారత్ గుర్తు వేయకూడదు. ప్రొఫైల్ ఫొటోల్లో ఆ గుర్తు ఉన్న సంచి ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకోవద్దు. పీజీఎస్ గ్రూపులో ఉంటే ఆ సంగతి రాసుకోండి. రైతు చేతిలో ఉన్న పచ్చి కాయకు, వడ్లకు ఫుడ్ లైసెన్సు అడగరు. గానుగ నూనె, బెల్లం, రవ్వ, పచ్చడి లాంటివి తయారుచేసి అమ్మితే మాత్రం ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం తర్వాత వెరిఫికేషన్‌లో కూడా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం, వెరిఫికేషన్. ఇది అయ్యేదాకా ప్రొఫైల్ జనానికి కనపడదు. ఒకప్పుడు పోస్టులో కార్డు పంపేవాళ్లు, ఇప్పుడు చాలావరకు వీడియో అడుగుతున్నారు. ఫోన్‌లో అక్కడికక్కడే తీయాలి, మధ్యలో ఆపకూడదు, తర్వాత ఎడిటింగ్ చేయకూడదు. కనీసం 30 సెకన్లు ఉండాలి. ఒకటిన్నర నిమిషంలో ముగించండి. అందులో గూగుల్ చూసేవి మూడే: చోటు నిజమేనా, వ్యాపారం నిజమేనా, ఇది మీ చేతిలో ఉందా.

మేం చెప్పే వరస ఇది. ఊరి పేరు బోర్డు దగ్గరో, అందరికీ తెలిసిన గుడి, బడి దగ్గరో మొదలుపెట్టండి. అక్కడినుంచి నడుస్తూ గేటు దాకా రండి. తాళం మీరే తీయండి, అది కెమెరాలో పడాలి. మీది అని చెప్పడానికి తాళం చెవి కన్నా మంచి సాక్ష్యం లేదు. లోపల జీవామృతం డ్రమ్ములు, క్రేట్లు, కాటా, గడ్డిలో మాగబెట్టిన కాయ, మీ పేరున్న లేబుళ్లు, డెలివరీ బండి, అన్నీ నిదానంగా చూపించండి. చివర్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితమో, మీ వ్యాపారం పేరున్న బిల్లో. పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు కాగితాలు చూపించవద్దు. అవి అడగరు, చూపిస్తే మనకే నష్టం. కూలికి వచ్చిన వాళ్ల ముఖాలు కూడా పడకుండా చూసుకోండి. పేరు బోర్డు లేదా? లేబుళ్లు, బండి మీద స్టిక్కరు ఉంటే సర్వీస్ ఏరియా వాళ్లకు అదీ పనికొస్తుంది. తోటలో సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోండి. సాధారణంగా ఐదు పనిదినాల్లో జవాబు వస్తుంది. కుదరలేదంటే ఏది సరిగ్గా కనపడలేదో ఆలోచించి మళ్లీ తీయండి, భయపడాల్సింది లేదు.

ఈలోగా ఫోన్లు వస్తాయి. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ ఆగిపోతుంది, ఇంత కట్టండి" అంటారు. పెట్టేయండి ఫోన్. ప్రొఫైల్‌కు గూగుల్ డబ్బు తీసుకోదు. వెరిఫికేషన్ కోడ్ వస్తే అది కూడా ఎవరికీ చెప్పొద్దు.

గ్రూపుగా చేసేవాళ్ల సందేహం: ఎఫ్‌పీవోలో యాభై మంది ఉంటే యాభై ప్రొఫైళ్లు పెట్టాలా? ఒకే పేరుతో, ఒకే ఫోన్ నంబరుతో ఒక్కటే పెట్టాలి. గోడౌనులో రోజూ మనిషి ఉండి జనానికి అమ్మితే ఆ అడ్రస్ చూపించవచ్చు. విడిగా తన పేరుతో, తన బండి మీద అమ్ముకునే రైతు తనది వేరే పెట్టుకోవచ్చు. ఆదివారం రైతు బజారులో కూర్చునే చోటును అడ్రస్‌గా ఇవ్వద్దు, అది మనది కాదు. "ఈ ఆదివారం ఫలానా చోట ఉంటాం" అని అప్‌డేట్‌లో రాస్తే సరిపోతుంది.

రివ్యూల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నమ్మకం ఇక్కడే పుడుతుంది. సరుకు ఇచ్చిన రెండు రోజులకు, తిని చూశాక, రివ్యూ లింకు వాట్సాప్‌లో పంపి అడగండి. రాస్తే కిలో ఉచితం అనకూడదు, అది గూగుల్ నిబంధనకు విరుద్ధం. చుట్టాలతో రాయించడమూ అంతే. చెడ్డ రివ్యూ వస్తుంది. తప్పకుండా వస్తుంది. ప్రకృతి వ్యవసాయంలో పండు కోస్తే లోపల పండుఈగ పురుగు కనపడడం మనకు కొత్త కాదు, కొన్నామెకు కొత్త. ఆమె ఫొటో పెట్టి ఒక్క స్టార్ ఇస్తుంది. "మందు కొట్టకపోతే అంతే అమ్మా" అని వాదించకండి. ఇలా రాయండి: "అమ్మా, పండు పోయినందుకు క్షమించండి. మేం మందు కొట్టం కాబట్టి ఎర బుట్టలు, వేపకషాయంతో ఈగను తగ్గిస్తాం. అయినా కొన్ని తప్పించుకుంటాయి. గురువారం మీ వీధికి వచ్చినప్పుడు ఆ పండ్లు మార్చి ఇస్తాం." ఆ జవాబు ఆమె కోసం కాదు. దాన్ని చదివే మిగతా వందమంది కోసం. తర్వాత నిజంగా మార్చి ఇవ్వండి మరి.

ఫొటోలు మీ తోటవే పెట్టండి. నెట్‌లో దొరికిన నిగనిగలాడే మామిడి కంటే, నవధాన్య పచ్చిరొట్ట మధ్య నిలబడిన మీ చెట్టు మేలు. సీజన్ అయిపోయాక వేరే సరుకు ఏమీ లేకపోతే తాత్కాలికంగా మూసి ఉంది అని పెట్టుకోండి, ప్రొఫైల్ తీసేయొద్దు. తీసేస్తే వచ్చిన రివ్యూలను పోగొట్టుకుంటారు.

ఇంకొకటి. ప్రొఫైల్ మీ సొంత జీమెయిల్‌తోనే తెరవండి. ఊర్లో సెల్ షాపు అబ్బాయి సాయం చేస్తే మంచిదే, కానీ అతని మెయిల్‌తో పెడితే ఓనరు అతనవుతాడు. మీది ఓనరుగా ఉంచి, కొడుకునో కూతురినో మేనేజరుగా చేర్చండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

మామిడి వాళ్లు ఉగాదికి ముందే మొదలుపెట్టండి. వీడియో ఒకసారి వెనక్కి వచ్చినా కాయ కోతకు వచ్చేలోగా సరిచేసుకునే టైం ఉంటుంది. వెరిఫికేషన్ వీడియో వెనక్కి వచ్చినవాళ్లు గూగుల్ ఏ కారణం చెప్పిందో కింద రాయండి, ఏం మార్చి తీయాలో చెప్తాం.