తీసేసిన ఫోల్డరు మళ్ళీ ఎందుకు వస్తోంది?

అల్ఫారెట్టాలోని మన ఇళ్ళల్లో ఒకే ఖాతా ల్యాప్‌టాప్‌లోను, పిల్లల టాబ్లెట్‌లోను, ఒక్కోసారి ఇండియాలో అమ్మమ్మగారి ఫోనులోను తెరిచి ఉంటుంది. డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో తీసేసిన ఫోల్డరు మర్నాటికి తిరిగి కనిపిస్తే, సాధారణంగా వాటిలో ఏదో ఒకటి దాన్ని మళ్ళీ పంపుతోందన్నమాట.

1. ముందు కాపీ తీసుకోండి. సింక్ అయ్యే ఫోల్డరును ఒక చోట తీసేస్తే అన్ని చోట్లా పోతుంది. అందులోని ఫొటోలను బయటి డ్రైవులోకి ఎక్కించి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

2. పేరు చూడండి. డ్రాప్‌బాక్స్‌లో 'కెమెరా అప్‌లోడ్స్' అని ఉంటే, దాన్ని పుట్టిస్తున్నది సాధారణంగా ఫోనే. ఫోనులో ఆ సదుపాయం ఆపకుండా ఫోల్డరు తీసేస్తే, కొత్త ఫొటో తీయగానే మళ్ళీ వస్తుంది.

3. మూలం పట్టుకోండి. అన్నిటిలో సింక్ ఆపి, బ్రౌజరులో ఫోల్డరు తీసేయండి. తర్వాత ఒక్కొక్కదాన్నే కలుపుతూ కాసేపు ఆగి చూడండి. దేన్ని కలిపాక ఫోల్డరు వచ్చిందో, అందులో బ్యాకప్ సెట్టింగులు సరిచేయండి. వాడని పాత ఫోన్లలో ఖాతా నుంచి లాగౌట్ అవ్వండి.

4. చెత్తబుట్ట వెంటనే ఖాళీ చేయకండి. వ్యక్తిగత వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్‌లలో తీసేసినవి సాధారణంగా 30 రోజులు అక్కడ ఉంటాయి.

ఫోల్డరు పంపుతున్నది అమ్మమ్మగారి ఫోనే అని తేలితే, ఆపే ముందు ఆవిడకు ఒక్కసారి ఫోన్ చేయండి. మనకు అడ్డుగా కనిపించే ఆ ఫోల్డరే ఆవిడ ఫొటోలకు ఉన్న ఒకే ఒక్క బ్యాకప్ కావచ్చు.