మీ ఇంటి ముందు డ్రెయిన్ మీదే!

అమెరికాలో ఇల్లు కొన్నారు. లాన్ పచ్చగా ఉంచుతున్నారు. సంతోషం. ఇప్పుడు ఒక్క ప్రశ్న. మీ రోడ్డు పక్కన స్టార్మ్ డ్రెయిన్‌లోకి దిగే నీళ్లు ఎక్కడికి పోతాయి?

ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కి అనుకుంటున్నారా? అక్కడికి వెళ్లేవి మీ బాత్‌రూమ్ నీళ్లు. చాలా ఊళ్లలో వాననీళ్ల పైపులు వేరు. అవి ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులో కలుస్తాయి.

నేను ఏళ్ల తరబడి డ్రైవ్‌వేలోనే కారు కడిగాను. ఒక శనివారం ఆ నురగ వెంట నడిచాను. కర్బ్ పక్కగా జారింది. జాలీ దగ్గర ఒక ఎండుటాకును తిప్పి తిప్పి లోపలికి లాక్కుపోయింది. రెండు వీధుల అవతలే వాగు! ఆ రోజే అలవాటు మార్చాను. ఇప్పుడు కారు వాష్ సెంటర్‌కే వెళ్తుంది. మీరూ మార్చగలరు.

క్లీన్ వాటర్ యాక్ట్‌కు 1987లో చేసిన సవరణతో ఈ వాననీళ్ల పైపులకూ పర్మిట్లు వచ్చాయి. 1990 రూల్ పెద్ద నగరాలకు, 1999 రూల్ చిన్న పట్టణాలకు. చిన్న పట్టణాలు ఆరు పనులు చేసి చూపించాలి. అందులో మొదటి రెండూ ఏమిటో తెలుసా? ప్రజలకు తెలియజెప్పడం, ప్రజలను కలుపుకోవడం. అంటే మీరు! మీరు కదలకపోతే సిటీ ఎన్ని పాంప్లెట్లు వేసినా ఆ పని సగమే.

‘సిటీ చూసుకుంటుందిలే’ అనే మాట ఈరోజే మానేయండి. ఇలా మొదలుపెట్టండి:

1. గట్టి వాన ఉందంటే ఎరువు చల్లకండి. కాంక్రీట్ మీద పడిన గింజల్ని ఊడ్చి లాన్‌లోనే వేయండి.

2. జాలీ మీది ఆకులు ఎత్తి సంచిలో వేయండి. లోపలికి తోయకండి.

3. మూడు రోజులుగా చినుకు లేదు. అయినా వాగులో కలిసే పైపులోంచి నీళ్లు వస్తున్నాయా? రంగుందా? వాసనుందా? ఫోటో తీసి, వీధి పేరు రాసి సిటీకి పంపండి. చాడీ అనుకోకండి. అవి దొంగ కనెక్షన్ నీళ్లు కావచ్చు, అలాంటి కనెక్షన్లను పట్టుకోవడం కూడా ఆ ఆరు పనుల్లో ఒకటి.

4. ఇది మనవాళ్లే చేయగల పని. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు ఇల్లు తుడిచిన బకెట్ నీళ్లు కర్బ్ దగ్గర పారబోస్తారు. ఊళ్లో అలవాటు, అది తప్పు అని ఆవిడకు ఎవరు చెప్పారు? సిటీ పాంప్లెట్ ఇంగ్లీషులో ఉంటుంది. మీరు కూర్చుని దాన్ని తెలుగులో రాయండి, పెద్దక్షరాల్లో, ఒక్క పేజీ. వీకెండ్ పాట్‌లక్‌లో పంచండి. ‘అమ్మా, ఈ నీళ్లు సింక్‌లో పోద్దాం, ఈ డ్రెయిన్ వాగులోకి పోతుంది’ అని పక్కన నిలబడి చూపించండి. ఆ పేజీని సిటీ స్టార్మ్‌వాటర్ ఆఫీసుకీ పంపండి. వాళ్ల దగ్గర లేనిది మీరు ఇస్తున్నారు.

ఆ ఆఫీసు నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేయండి. డ్రెయిన్ల మీద ‘ఇది వాగులోకి పోతుంది’ అనే గుర్తులు అతికించడానికి వాలంటీర్లు కావాలేమో అడగండి. పిల్లల్నీ తీసుకెళ్లండి, జిగురు పని వాళ్లకిష్టం.