స్పేస్ ఇన్వేడర్స్ ఆడటం ఎలా?

జపాన్‌లో తోమొహిరో నిషికాడో 1978లో తయారుచేసిన ఆట ఇది. 1980లో రిక్ మారర్ దీన్ని అటారీ 2600 కోసం మళ్లీ రాసి ఇంటి టీవీ మీదికి తెచ్చాడు. పైన 36 మంది గ్రహాంతర శత్రువులు, కింద మన ఫిరంగి ఒక్కటే. మొదటి గుంపును కలిసి కూలుద్దాం.

కావలసినవి

అటారీ 2600 గానీ, 2023లో వచ్చిన 2600 ప్లస్ గానీ. ఒక జాయ్‌స్టిక్, ఆట క్యాసెట్. కొత్తవాళ్లకు ప్లస్సే నయం, హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే చాలు.

పద్ధతి

1. పవర్ ఆపి, క్యాసెట్‌ను పూర్తిగా దిగేదాకా నొక్కుదాం. ఆన్‌లో ఉండగా తీయడం, పెట్టడం వద్దు.

2. ఆన్ చేసి గేమ్ సెలెక్ట్‌తో 1వ ఆటకు వెళదాం. మొత్తం 112 రకాలున్నాయి. ఇప్పుడే వాటి జోలికి పోకండి.

3. ఎడమ డిఫికల్టీ స్విచ్‌ను 'బి'లో పెడదాం. 'ఏ'లో ఫిరంగి వెడల్పవుతుంది, అంటే శత్రువుకు సులువుగా దొరుకుతాం.

4. గేమ్ రీసెట్ నొక్కితే ఆట మొదలు. ముందు కాల్చకండి. మూడు రక్షణ గోడల్లో ఒకదాని చాటున నిలబడి, బాంబులు ఎలా పడుతున్నాయో కాసేపు చూద్దాం.

5. ఇప్పుడు చివరి నిలువు వరుసను కాలుద్దాం. గుంపు తెర అంచు తాకినప్పుడల్లా ఒక మెట్టు దిగుతుంది. చివరి వరుస పోతే అంచు చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. మనకు ఊపిరి దొరుకుతుంది. అందుకే అడుగు వరుసంతా ముందు ఊడ్చేయాలన్న తొందర వద్దు.

6. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. చివరివాడి వెంట పరుగెత్తొద్దు. వాడు రాబోయే చోటికి ముందే గుండు వదులుదాం.

పొరపాట్లు

అందరూ చేసేది బటన్‌ను టకటకా నొక్కడం. మన గుండు ఒకసారికి ఒకటే వెళుతుంది. అది తగలాలి, లేదా తెర దాటాలి. అప్పటిదాకా ఇంకోటి రాదు. గురి తప్పితే ఆ కాసేపూ మనం నిరాయుధులమే.

గోడ వెనకనుంచి కాలిస్తే మన గుండే గోడను తినేస్తుంది. పక్కకు జరిగి కాల్చండి.

పైన ఎగిరే ఓడకు 200 పాయింట్లు. ఆశపడి దాని వెనక పోతే ఉన్న మూడు ప్రాణాల్లో ఒకటి పోతుంది. అంతకన్నా ముఖ్యం: శత్రువు నేలకు దిగితే, ఎన్ని ప్రాణాలున్నా ఆట ముగిసినట్టే.

ఒక గుంపును పూర్తిగా కూలిస్తే, ఓడను వదిలేసినా, 630 పాయింట్లు. ఈరోజుకు అంతవరకు చేరితే చాలు, రెండో రకం ఆట రేపు చూసుకోండి.